తలకోన దారిలో సర్కారు సొమ్ము

తలకోనకు ప్రభుత్వ నిధులు ఎప్పుడెప్పుడు వచ్చాయని మా వైపు పెద్దవాళ్ళను అడిగితే ఎవరూ సంవత్సరం చెప్పరు. మట్టిరోడ్డు మీద తారు పడిన ఏడు అని ఒకరంటారు, మెట్లు కట్టిన ఏడు అని ఇంకొకరంటారు, తాళ్ళ వంతెన వేసిన ఏడే మా పెద్దమ్మాయి పెళ్ళి అయిందని మరొకరు గుర్తు చేసుకుంటారు. నేనూ ఆ లెక్కల మధ్యే పెరిగాను. బ్యాంకు ఉద్యోగం వల్ల తేదీలూ పద్దులూ పట్టించుకునే అలవాటు తరువాత వచ్చింది గానీ, ఆ కోన తలపుకు వచ్చినప్పుడల్లా ముందుగా తోచేది మాత్రం ఎప్పుడు అక్కడ ఏం కట్టారు, అది ఎన్నాళ్ళు నిలబడింది అన్నదే.

శేషాచలం కొండల్లో, ఒకప్పటి చిత్తూరు జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న ఎర్రావారిపాళెం మండలంలో ఉంది తలకోన. తిరుపతి నుంచి రంగంపేట మీదుగా వచ్చి, భాకరాపేట ఘాటు ఎక్కి దిగి, నెరబైలు అనే ఊరు దాటితే అడవి మొదలవుతుంది. జలపాతం ఎత్తు 270 అడుగులని చెబుతారు. మన రాష్ట్రంలో ఇంత ఎత్తు నుంచి పడే జలపాతం మరొకటి లేదు. దానికి దిగువన సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది. గుడికీ జలపాతానికీ నడుమ ఉన్న అడవిదారే నేను చెప్పబోయే విషయానికంతటికీ రంగస్థలం.

1970లలో తలకోనకు వెళ్ళడాన్ని మేము విహారయాత్ర అనుకోలేదు. శివరాత్రికి బండ్లు కట్టుకుని స్వామి తిరునాళ్ళకు వెళ్ళేవాళ్ళం. సంగటి ముద్దలు, ఊరిబిండి, చిత్రాన్నం మూటగట్టుకుని, గుడి దగ్గర చెట్ల కింద దిగి, రాత్రంతా జాగారం చేసి, తెల్లవారాక జలపాతం దగ్గరికి నడిచేవాళ్ళం. దారి అంటూ ఒకటి ఉండేది కాదు. ముందు పోయినవాళ్ళ కాళ్ళు పడి నునుపెక్కిన బండలే దారి, పట్టుకోవడానికి చేతికి అందిన చెట్టువేరే ఊతం. మాఘమాసానికి ధార సన్నబడిపోయేది. కార్తీకంలో వానలు బాగా పడ్డప్పుడు వెళ్తే మాత్రం మాట వినబడనంత హోరు. మిగిలిన కాలంలో ఆ అడవి మాకు ఇంటి పెరడులో భాగమే. చింతపండు, కుంకుళ్ళు, ఉసిరికాయలు, తేనె, ఇంటి కప్పుకు బోద, అన్నీ అక్కడివే. వేసవిలో ఊరి పశువులు వాగు వెంబడే మేసేవి. ప్రభుత్వం తరఫున అక్కడ కనిపించేది ఒక ఫారెస్టు గార్డు, ఆయన సైకిలు. అంతకు మించి ఎవరూ ఒక్క రూపాయి ఖర్చు పెట్టిన ఆనవాలు నాకు గుర్తు లేదు.

ఆ కొండలను 1985లో వన్యప్రాణి అభయారణ్యంగా, 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. సుమారు 353 చదరపు కిలోమీటర్ల అడవి ఒక్కసారిగా వేరే లెక్కలోకి వెళ్ళిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువులు మేయకూడదు, అడవి నుంచి ఏదీ సేకరించి తెచ్చుకోకూడదు. ఈ సంగతి ఊళ్ళోకి ఒక్క రోజులో రాలేదు. చెక్‌పోస్టు వచ్చింది, తెల్ల రంగు పూసిన హద్దురాళ్ళు వచ్చాయి, పులి బొమ్మ ఉన్న రేకు బోర్డు వచ్చింది. (ఆ అడవిలో ఉన్నది చిరుతలే, బోర్డు రాసిన పెయింటరు మాత్రం చారలు గీశాడు.) మా అవ్వ ఆ బోర్డు దగ్గర నిలబడి, "అడివి సర్కారుదైతే అయింది గానీ, ఆ మాట ఆవుకు ఎవురు చెప్పేదప్పా?" అని గార్డును అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన దగ్గర జవాబు లేదు, ఆయన పై అధికారి దగ్గర కూడా ఉండి ఉండదు.

జాతీయ ఉద్యానం అయ్యాక తొలి ఏళ్ళలో వచ్చిన డబ్బు పర్యాటకుల కోసం కాదు. వేసవిలో మంట పాకకుండా గడ్డి చెక్కి తీసే ఫైర్‌లైన్లకు, జంతువులు తాగడానికి కట్టిన నీటి తొట్లకు, జీపు తిరిగే దారులకు ఖర్చు పెట్టారు. ఆ పనులకు మా ఊరివాళ్ళే కూలికి వెళ్ళారు. నాయన దాన్ని గురించి ఎప్పుడూ కోపంగా మాట్లాడలేదు గానీ, మేత పోయిన అడవిలోనే కూలికి గడ్డి చెక్కడం ఆయనకు మింగుడు పడలేదని మాకు తెలుసు. పశువులు ఒక్కొక్కటే సంతకు వెళ్ళిపోయాయి. మా పాక ఖాళీ అయ్యాక అందులో చిన్నాయన టైలరింగు మిషను పెట్టుకున్నాడు.

పర్యాటకం అనే మాట మా వైపు 1990లలో రోడ్డుతో పాటు వచ్చింది. తారు పడ్డాక ఆర్టీసీ బస్సు వచ్చింది, ఆదివారాలు తిరుపతి నుంచి జనం వచ్చారు, ఆ తరువాత మద్రాసు, బెంగుళూరు కార్లు వచ్చాయి. తిరుమల కొండకు వచ్చినవాళ్ళకు మరునాడు ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటుంది గదా! తలకోనకు కలిసివచ్చింది అదే. సినిమావాళ్ళు కూడా షూటింగులకు వచ్చి ఆ అడవిని తెరకెక్కించారు. జనం వచ్చారు గానీ వాళ్ళకు కావలసినవేవీ అక్కడ లేవు. తాగునీరు లేదు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి చాటు లేదు, మరుగుదొడ్డి లేదు, దారి చెప్పేవాడు లేడు. పొట్లాల కాగితాలు, ఆ తరువాత ప్లాస్టిక్ సంచులు వాగులో తేలడం మొదలైంది. కోతులు సంచులు లాక్కోవడం నేర్చుకున్నాయి. జాతీయ ఉద్యానం అని బోర్డు పెట్టాక అడవి అంత మురికిగా మారడం చూసి మా ఊరివాళ్ళు ఆశ్చర్యపోయారు. పశువులను వద్దన్న చట్టానికి ఈ కార్లు ఎందుకు అడ్డు కాలేదని వాళ్ళు అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాకు న్యాయంగానే తోస్తుంది.

గుడి దగ్గరి నుంచి జలపాతం వైపు రాతిమెట్లు, అక్కడక్కడా ఇనుప కమ్మీలు, కూర్చోవడానికి సిమెంటు బల్లలు వచ్చింది ఆ తరువాతనే. నా దృష్టిలో తలకోనలో పెట్టిన ఖర్చు అంతటిలోనూ అత్యంత విలువైనది ఆ మెట్ల ఖర్చే. గొప్పగా చెప్పుకోదగిన కట్టడమేమీ కాదు, ఎవరి పేరుతోనూ దానికి శిలాఫలకం లేదు. కానీ మోకాళ్ళ నొప్పులతో ఇరవై ఏళ్ళుగా జలపాతం చూడని మా అవ్వ, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, నీళ్ళు పడే చోటికి వెళ్ళి, తల మీద చల్లుకుని వచ్చింది. తడి కాళ్ళతో జారి పడేవాళ్ళు బాగా తగ్గారు. అంతకంటే ముఖ్యంగా, జనం అంతా ఒకే దారిన నడవడం వల్ల చుట్టుపక్కల పొదలు తొక్కుడు పడకుండా మిగిలాయి. మంచి దారి వేస్తే మనిషితో పాటు అడవికీ మేలు జరుగుతుందని నాకు అక్కడే అర్థమైంది.

ఇక వన సంరక్షణ సమితుల కాలం. ఊరివాళ్ళు సమితిగా ఏర్పడి అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఉమ్మడి అటవీ యాజమాన్యం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో మొదలైంది. 1994లో ప్రపంచ బ్యాంకు రుణంతో అటవీ ప్రాజెక్టు, 2002లో మళ్ళీ ప్రపంచ బ్యాంకు సాయంతోనే సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు వచ్చాయి. మా వైపు వాళ్ళు ఈ ప్రాజెక్టుల పేర్లు పూర్తిగా ఎప్పుడూ పలకలేదు. అందరికీ అది 'వరల్డ్ బ్యాంకు పని' మాత్రమే. నెరబైలు సమితికి తలకోనలో పర్యాటకుల బాధ్యత అప్పగించడం ఆ కాలపు పెద్ద మార్పు. గేటు దగ్గర టికెట్లు ఇవ్వడం, బండ్లు నిలిపే చోటు చూసుకోవడం, గైడ్లుగా వెంట నడవడం, వంట చేసి పెట్టడం, చెత్త ఏరడం అన్నీ ఊరి పిల్లల చేతికి వచ్చాయి. వచ్చిన రాబడి సమితి ఖాతాలో పడేది, జీతాలు అందులోంచే ఇచ్చేవారు.

ఆ ఖాతాల పద్ధతి నాకు బల్ల అవతలి వైపు నుంచి కాదు, ఇవతలి వైపు నుంచి తెలుసు. ఉద్యోగరీత్యా కొంతకాలం మా ప్రాంతంలోని ఒక గ్రామీణ శాఖలో పనిచేసినప్పుడు ఇలాంటి సమితుల పాస్‌బుక్కులు నా చేతుల మీదుగా నడిచాయి. సమితి అధ్యక్షుడు, అటవీ శాఖ ఉద్యోగి ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు బయటికి వచ్చేది. అధ్యక్షులుగా వచ్చేవాళ్ళలో కొందరు సంతకం నేర్చుకున్నదే దానికోసం. పేరులో ఒక్కో అక్షరం రాసి, ఆగి, నమూనా సంతకంతో పోల్చి చూసుకుని, తరువాతి అక్షరం రాసేవారు. సోమవారం పొద్దున్నే ఆదివారం వసూళ్ళు గుడ్డసంచిలో వచ్చేవి. టికెట్ల డబ్బు వేరే కట్ట, క్యాంటీను డబ్బు వేరే కట్ట. ఏ కట్ట ఏదో అడగకుండానే చెప్పగలిగేవాణ్ణి. టికెట్టు లోపలికి పోయే ముందు కొంటారు కాబట్టి ఆ నోట్లు పొడిగా, మడత నలగకుండా ఉండేవి. స్నానాలు చేసి వచ్చినవాళ్ళు టీకీ, బజ్జీలకీ ఇచ్చిన నోట్లు తడిసి, ఆరి, అంచులు ముడుచుకుని, ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. వాటిని విడదీసి లెక్కపెట్టడానికి మా క్యాషియరు విసుక్కునేవాడు. ఆ తడి నోట్ల కట్ట లావు చూసి ఆ ఆదివారం జలపాతంలో నీళ్ళెలా ఉన్నాయో చెప్పేవాళ్ళం.

ఆ ఏళ్ళలో వచ్చిన వాటిలో జనం నోళ్ళలో బాగా నలిగింది చెట్ల మీది తాళ్ళ నడకదారి. పొడవు 240 మీటర్లు, నేల నుంచి ఎత్తు 35 నుంచి 40 అడుగులు. పెద్ద చెట్ల బోదెల చుట్టూ చెక్క అరుగులు కట్టి, అరుగుకూ అరుగుకూ మధ్య తాళ్ళతో వేలాడే వంతెనలు వేశారు. ఇరువైపులా తాడు వల ఉంటుంది, అడుగున పలకలు. మొదటి అరుగు దగ్గర ఊరి కుర్రవాడొకడు నిలబడి మనుషులను లెక్కపెట్టి వదిలేవాడు. ముందు గుంపు రెండో అరుగు చేరి చెయ్యి ఊపితే గానీ తరువాతి గుంపును కదలనిచ్చేవాడు కాదు. ఎంత పెద్ద ఉద్యోగి వచ్చినా అతని తీరు మారలేదు. "సారూ, తాడుకు మీ హోదా తెలీదు" అనేవాడు. పలక మీద కాలు పెట్టగానే వంతెన పక్కకు ఒరుగుతుంది, ఎదురు కాలు వేస్తే అటు ఒరుగుతుంది. నాలుగు అడుగులయ్యాక దాని ఊపు ఒంటికి పడుతుంది. అప్పుడు తల ఎత్తి చూడవచ్చు. కింద నుంచి ఎప్పుడూ కొమ్మల అడుగుభాగమే చూసిన మాకు చెట్ల నెత్తి మీది పూత, దాని మీద ముసిరిన తేనెటీగలు ఆ ఎత్తులోనే మొదటిసారి కనిపించాయి. మనిషి తొడంత లావున మెలికలు తిరిగి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయిన గిల్లతీగ, మూరల కొద్దీ పొడవున్న దాని కాయలు కళ్ళకు ఎదురుగా వచ్చేవి. ఒకసారి మూడో అరుగు దగ్గర బెట్లుడుత, అంటే పెద్ద అడవి ఉడుత ఒకటి కొమ్మ మీద బోర్లా పడుకుని, తోక కిందికి వదిలేసి, మమ్మల్ని చూసి కూడా కదలలేదు. మా పిల్లలు ఊరికి తిరిగి వచ్చాక జలపాతం గురించి కాదు, దాని తోక గురించే వారం రోజులు చెప్పుకున్నారు.

ఆ కాలంలోనే పర్యాటక సంస్థ అతిథి గృహాలు కూడా పేరుపొందాయి. రాష్ట్రమంతటా మొదట 'పున్నమి' అనే పేరుతో నడిచినవి, ఆ తరువాత 'హరిత' అయ్యాయి. పేరు మారినప్పుడు బోర్డులు మారాయి, దుప్పట్ల మీది ముద్రలు మారాయి. తలకోనకు రాత్రి బస చేసే జనం పెరగడం వల్ల వంటలక్కలకు పని దొరికింది, నెరబైలులో పాలు అమ్ముకునేవాళ్ళకు ధర దొరికింది. మా మేనమామ కొడుకు గైడు పని చేసి, ఆ డబ్బుతో చెల్లెలిని తిరుపతిలో డిగ్రీ చదివించాడు. మేత పోయినందుకు ఇది పూర్తి పరిహారమా అంటే కాదు. పశువులున్న ఇళ్ళు వేరు, గైడు ఉద్యోగాలు వచ్చిన ఇళ్ళు వేరు. కొన్ని ఇళ్ళకు రెండోది రాలేదు. అయినా పై నుంచి వచ్చిన డబ్బు ఊరి చేతుల్లో తిరిగిన కాలం అదొక్కటేనని నా నమ్మకం.

ప్రాజెక్టులకు ఒక గడువు ఉంటుంది. గడువు తీరాక కట్టడాలు మిగులుతాయి, కట్టించిన పద్దు మిగలదు. ప్రభుత్వ లెక్కల్లో కొత్త నిర్మాణానికి ఒక పద్దు, నిర్వహణకు ఇంకో పద్దు. మొదటిదానికి మంజూరు దొరికినంత సులువుగా రెండోదానికి దొరకదు. నిర్మాణానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, పత్రికలో ఫోటో ఉంటుంది. కుళ్ళిన పలక మార్చినందుకు ఎవరినీ రిబ్బను కత్తిరించడానికి పిలవరు. ఇల్లు ఘనంగా కట్టించి ఏటా సున్నం వేయించడానికి చేయి రానివాడి సంసారంలా ఉంటుంది ఈ వ్యవహారం. అడవిలో ఈ బాధ ఇంకా ఎక్కువ. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు నైలాను తాడు పెళుసెక్కుతుంది, చెట్టు లావెక్కి అరుగు చుట్టుకట్టును తెంపుతుంది. నేను ఒకసారి బంధువులతో వెళ్ళినప్పుడు తాళ్ళ దారి మరమ్మతుల కోసం మూసి ఉంది. ఆ కుర్రవాడు అక్కడే, మొదటి అరుగు మెట్ల దగ్గర, ఈసారి ఎవరినీ ఎక్కనివ్వకుండా కూర్చుని ఉన్నాడు. ఇంకోసారి, వేరొక అడవిలో, పేరు చెప్పను గానీ, కొత్తగా కట్టిన మరుగుదొడ్ల వరుసకు రంగు ఆరకముందే తాళం పడింది. విచారిస్తే ట్యాంకుకు నీళ్ళు ఎక్కించే మోటారు అంచనాల్లో లేదట.

ఉద్యోగపు చివరి రోజుల్లో నాకు రాజమండ్రి బదిలీ అయింది. గోదావరికి అటూ ఇటూ ఉన్న పాపికొండలను 2008లో జాతీయ ఉద్యానం చేశారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైమాటే. మా తలకోన దాని పక్కన చిన్న తోటలా కనిపించింది. మారేడుమిల్లి వైపు వెళ్ళినప్పుడు నాకు పాత పరిచయం మళ్ళీ ఎదురైంది. అక్కడ కూడా వన సంరక్షణ సమితే వలమూరు దగ్గర గుడారాల విడిది నడుపుతోంది, కొండరెడ్డి తెగ కుర్రవాళ్ళే వెంట నడిచి జలపాతాలు చూపిస్తున్నారు. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చి అమ్మే కుటుంబాలు ఏ పథకంలోనూ లేవు. మంచి రోడ్డు పడింది, జనం వచ్చారు, వాళ్ళ పొయ్యి వెలిగింది. ఆ తూర్పు కనుమల్లో వేసిన రోడ్డు ఖర్చే అన్నిటికంటే ఎక్కువ మందికి కూడు పెట్టి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

నది వైపు కథ వేరు. అక్కడ అడవిని చూపించేది పడవ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకులతో వెళ్తున్న ప్రైవేటు బోటు సుడిలో మునిగిపోయింది. ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి లంగర్లు, తాళ్ళతో శ్రమించి ఆ బోటును అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది. ఆ రోజుల్లో మా వీధిలో టీ కొట్టు దగ్గర వేరే మాట లేదు. ఆ తరువాత విహార యాత్రలు చాలాకాలం ఆగిపోయాయి. 2020లో సింగన్నపల్లి, గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం మొదలుకొని నాగార్జునసాగర్, శ్రీశైలం వరకు తొమ్మిది చోట్ల బోటింగు కంట్రోల్ రూములు పెట్టడానికి ప్రభుత్వం పూనుకుంది. బోటు బయలుదేరే ముందు దాని అనుమతి, ఎక్కినవారి సంఖ్య, లైఫ్ జాకెట్లు, నది మట్టం ఒకచోట చూసే ఏర్పాటు అది. సౌకర్యం అంటే గది, పడక, రెస్టారెంటు అనుకునే మన అలవాటును ఆ ప్రమాదం కొంత మార్చింది. లెక్కపెట్టి వదిలే మనిషి కూడా సౌకర్యమే. ఆ మాట మా తలకోన కుర్రవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

తలకోన విషయంలో నాకు ఒక అసూయ ఉంది, దాన్ని దాచుకోను. పర్యాటక ప్రాంతాల అభివృద్ధికి కేంద్రం తెచ్చిన స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో నెల్లూరు జిల్లా తీరప్రాంత సర్క్యూట్‌కు, అంటే ఒక యాత్రగా కలిపిన చోట్ల వరుసకు, మొదట దాదాపు 60 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. పులికాటు, నేలపట్టు, మైపాడుతో పాటు ఉబ్బలమడుగు జలపాతం కూడా అందులో చేరింది. సముద్రతీరం పేరుతో వచ్చిన డబ్బులో కొండ మీది జలపాతానికి వాటా దొరికిందని విన్నప్పుడు, సర్క్యూట్ అనేదానికి హద్దులు గీసేవాళ్ళ చేతి వాటం మీదే అదృష్టం ఆధారపడుతుందని మా మిత్రులం నవ్వుకున్నాం. నేలపట్టుకు రావలసిందే. శీతాకాలంలో అక్కడి చెరువులో కడప చెట్ల నిండా గూడబాతులను చూసినవాళ్ళెవరూ కాదనరు.

2010లో శేషాచలం కొండలను జీవావరణ రక్షిత ప్రాంతంగా (బయోస్ఫియర్ రిజర్వుగా) ప్రకటించారు, సుమారు 4,755 చదరపు కిలోమీటర్లు. దానితో తలకోన పేరు పరిశోధకుల నోళ్ళలోకి కూడా వెళ్ళింది. దేవాంగపిల్లి, బంగారు బల్లి, ఎర్రచందనం కోసం విశ్వవిద్యాలయాల పిల్లలు వస్తున్నారు. అదే ఎర్రచందనం కోసం రాత్రిళ్ళు వచ్చేవాళ్ళ సంగతి వేరే చెప్పాలి, ఇక్కడ వద్దు. అటవీ సిబ్బందిలో ఎక్కువమంది శ్రమ ఆ కాపలాకే పోతుంటే, ఆదివారం జలపాతం కింది గుండం దగ్గర ఎవరు నిలబడతారన్నది మాత్రం పర్యాటకానికి సంబంధించిన ప్రశ్నే. 2023 జూన్‌లో ఒక యువకుడు స్నేహితులు వీడియో తీస్తుండగా గుండంలోకి తలక్రిందులుగా దూకి, రాళ్ళ మధ్య ఇరుక్కుని చనిపోయాడు. ఆ నీళ్ళ అడుగున ఎక్కడ బండ ఉందో ఊళ్ళో ఈత నేర్చిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ తెలివిని నీటి ఒడ్డున నిలబెట్టడానికి పెద్ద మొత్తం అక్కరలేదు. ఇద్దరు మనుషుల జీతం, రెండు ఈలలు, కొంత తాడు చాలు. అలాగే 2025 శివరాత్రికి ముందు గుండాలకోన దగ్గర, అడవిదారిన తలకోన స్వామి దర్శనానికి నడిచి వస్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. మా చిన్నతనంలో ఈ కొండల్లో ఏనుగు అన్న ఊహే లేదు. ఎనభైలలో తమిళనాడు వైపు నుంచి చిత్తూరు జిల్లాలోకి దిగిన మందలు మెల్లగా విస్తరించాయి. తిరునాళ్ళకు నడిచి వచ్చే దారులు ఇప్పుడు ఎవరి పద్దులో పడతాయి? గుడి దేవస్థానం ఆధ్వర్యంలో ఉంది, అడవి అటవీ శాఖది, అతిథి గృహం పర్యాటకానిది. నడిచేవాడు ముగ్గురికీ చెందుతాడు గనుక ఎవరి అంచనాల్లోనూ కనిపించడు.

2024 డిసెంబరులో రాష్ట్రం కొత్త పర్యాటక విధానం ప్రకటించి, పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ప్రైవేటు పెట్టుబడులను పిలవడం అందులో ముఖ్యమైన ఉద్దేశం. హోటళ్ళకు అది మంచిదే. జాతీయ ఉద్యానం లోపల మాత్రం కట్టగలిగినది ఎప్పుడూ కొంచెమే ఉంటుంది, ఉండాలి కూడా. గదులను భాకరాపేటలోనో, నెరబైలు పొలిమేరలోనో కట్టనివ్వండి. లోపల దారి, నీళ్ళు, మరుగుదొడ్డి, కాపలా మనిషి ఉంటే చాలు. ఈ మాట నేను బ్యాంకు మనిషిగా కూడా అంటున్నాను. అడవి నడుమ కట్టిన గదికి ఏటా అయ్యే మరమ్మతు ఖర్చు ఊరి పొలిమేరలో కట్టిన గదికి అవదు.

కిందటి కార్తీకంలో వెళ్ళినప్పుడు మా మేనమామ మనవడు గుండం దగ్గర ఈల మెడలో వేసుకుని కనిపించాడు. రోజుకూలి మీద పెట్టుకున్నారట. ఆదివారాలు, పండుగ రోజులు తప్పనిసరి, మిగతా రోజులు జనాన్ని బట్టి. "జీతం ఎక్కడి నుంచి వస్తుందిరా?" అని అడిగాను. "టికెట్ల డబ్బులోంచే, తాతా. ఆదివారం వాన పడి జనం రాకపోతే మాకు ఇచ్చేది లేటు అవుతుంది" అన్నాడు. వాన పడితే నీళ్ళు పెరుగుతాయి, నీళ్ళు పెరిగినప్పుడే ఈలకు పని ఎక్కువ. అది నేనంటే అతను భుజాలెగరేసి, గుండం అవతలి బండ ఎక్కబోతున్న ఇద్దరు కుర్రవాళ్ళను చూసి ఈల ఊదుతూ అటు పరుగెత్తాడు.